గుమాస్తా కొలువు నుండి శిల్పశాస్త్రం దాకా – రామ్‌రాజ్ గారి జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవిత విశేషాలు వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, కలెక్టర్లు, దివానులు, మంత్రులను గురించి వ్రాసేవారు చాలామంది ఉంటారు గనుక, మనవంటి ఒక గుమాస్తాను గురించి వ్రాయాలని నాకు అనిపించింది. ఆయన పేరు రామ్‌రాజ్. ఆంగ్ల గ్రంథాలలో ఆ పేరు ఇలాగే అచ్చయింది కాబట్టి నేనూ ఇలాగే వ్రాస్తున్నాను. భారతీయ వాస్తు, శిల్పశాస్త్రాలను గురించి ఒక భారతీయుడు ఆంగ్లంలో వ్రాసిన మొట్టమొదటి గ్రంథం ఆయనది. 1834లో లండన్‌లో అచ్చయింది. దేవాలయాల చరిత్ర చదివే పండితులందరికీ ఆయన పేరు సుపరిచితం. ఉద్యోగం మాత్రం ఆయన మిలిటరీ లెక్కల ఆఫీసులో గుమాస్తాగిరీతో మొదలుపెట్టారు. మన సంఘంలో ఆయన పేరు తెలియనివారు ఎక్కువమంది ఉంటారని అనుకుంటున్నాను. అందుకే ఈ వ్యాసం.

నేను ప్రభుత్వ కొలువులో కట్టడాల ఎస్టిమేట్లు, ఎం-బుక్కుల మధ్య ముప్ఫై ఏళ్ళకు పైగా గడిపి, 2008లో పదవీ విరమణ చేశాను. పాత ఇళ్ళ పటాలన్నా, వాస్తు గ్రంథాలన్నా నాకు అప్పటినుండీ మక్కువ. రిటైరైన తరువాత ఒక గ్రంథాలయంలో రామ్‌రాజ్ గారి పుస్తకం చూశాను. అది 1970 దశకంలో కాశీలో పునర్ముద్రణ పొందిన ప్రతి. అందులోని పటాలు, కొలతలు చూస్తూ సాయంత్రం వరకు కూర్చున్నాను. తరువాత ఆయన జీవితం గురించి దొరికినంత చదివాను. అందులో నాకు నిలకడగా తోచిన సంగతులను మాత్రమే ఇక్కడ వ్రాస్తున్నాను.

జననం, తొలి ఉద్యోగాలు

రామ్‌రాజ్ గారు సుమారు 1790లో తంజావూరులో జన్మించారు. వారి కుటుంబం విజయనగర ప్రభువుల సంతతికి చెందినదని చెప్పుకునేవారు. వంశం పెద్దదే కాని, ఇంట్లో కలిమి లేదు. విజయనగరం 1565లో రాక్షసి-తంగడి యుద్ధంతో దెబ్బతిన్న తరువాత ఎన్నో కుటుంబాలు దక్షిణానికి తరలిపోయాయి. తంజావూరును ముందు మన తెలుగు నాయకరాజులు, ఆ తరువాత మరాఠా ప్రభువులు పాలించారు. రామ్‌రాజ్ గారి చిన్నతనంలోనే, 1799లో, ఆ రాజ్య పాలన ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్ళింది. అయినా తంజావూరులో విద్యకు కొదవ లేదు. సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంచి పోషించిన శరభోజీ ప్రభువు కాలమది. ఊరి నడుమ 1010లో పూర్తయిన బృహదీశ్వరాలయం సుమారు 216 అడుగుల విమానంతో నిలిచి ఉంది.

కలిమి లేని ఇంటి పిల్లవాడికి ఆ రోజుల్లో ఉన్న దారి ఒక్కటే. ఇంగ్లీషు నేర్చుకుని కంపెనీవారి కొలువులో చేరడం. రామ్‌రాజ్ గారు ఆ దారినే పట్టారు. మొదట సైన్యానికి సంబంధించిన ఒక చిన్న కొలువులో చేరి, తరువాత మద్రాసులో మిలిటరీ ఆడిటర్ జనరల్ కార్యాలయంలో గుమాస్తా అయ్యారు. సిపాయిల జీతాలు, భత్యాలు, పటాలాల ఖర్చులు తనిఖీ చేసే కార్యాలయం అది. అటువంటి చోట పనిచేసిన వారికి నేను వేరే చెప్పనవసరం లేదు. ఒక అంకె తప్పితే మొత్తం కాగితం తిరిగి వస్తుంది. ఒక మాట అస్పష్టంగా ఉంటే దాని అర్థం ఏమిటో విచారించి తేల్చేదాకా ఫైలు కదలదు. ఆ శిక్షణ ఆయనకు తరువాత ఎంత పనికివచ్చిందో ముందు ముందు చూస్తారు.

ఆయన పైవారి దృష్టికి వచ్చింది ఒక అనువాదం వలన. టిప్పు సుల్తాన్ తన రెవెన్యూ అధికారుల కోసం ఏర్పరచిన నిబంధనలను ఆయన ఆంగ్లంలోకి తెచ్చారు. టిప్పు 1799లో శ్రీరంగపట్టణంలో మరణించారు. ఆ రాజ్యంలో పన్నులు ఎలా వసూలు చేసేవారో, గ్రామ లెక్కలు ఎలా నడిచేవో తెలుసుకోవాల్సిన అవసరం కంపెనీవారికి ఉంది. దేశభాషలోని రెవెన్యూ మాటలను తేటగా ఇంగ్లీషులో పెట్టగలిగిన గుమాస్తా ఒకరు తమ కార్యాలయాలలోనే ఉన్నారని అప్పుడు పెద్దలకు తెలిసింది.

దరిమిలా ఆయన మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో చేరి, ఆంగ్ల విభాగానికి ప్రధానోపాధ్యాయుడయ్యారు. ఈ కళాశాల 1812లో ఎల్లిస్ దొర ప్రోద్బలంతో ఏర్పడింది. ఇంగ్లండు నుండి వచ్చిన కుర్ర సివిలియన్లకు దేశభాషలు నేర్పడం దాని పని. మన తెలుగువారికి ఈ కళాశాల మరువరానిది. కాంప్‌బెల్ గారి తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది ఈ కళాశాల ఆశ్రయంలోనే. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానికి చెందిన భాషలని ఎల్లిస్ వ్రాసింది ఆ పుస్తకపు ముందుమాటలోనే. మన బ్రౌన్ దొర 1817లో మద్రాసు వచ్చి తెలుగు అక్షరాలు దిద్దిందీ ఇక్కడే. అంతమంది పండితులు, మున్షీలు, వ్రాతప్రతులు ఒకచోట చేరిన ఆవరణలో రామ్‌రాజ్ గారు పనిచేశారు.

తరువాత ఆయన బెంగుళూరులో నేటివ్ జడ్జీగా, మేజిస్ట్రేటుగా నియమితులయ్యారు. గుమాస్తాగా మొదలుపెట్టిన మనిషి న్యాయాధికారి దాకా రావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మన దేశీయులకు పై మెట్లు చాలావరకు మూసి ఉన్న కాలమది. జడ్జీగా ఉంటూనే ఆయన కంపెనీ న్యాయస్థానాలలో జ్యూరీ పద్ధతి ప్రవేశపెట్టడాన్ని గురించి ఒక పెద్ద లేఖ వ్రాశారు. పదిమంది పెద్దలు కూర్చుని తగవు తీర్చే పద్ధతి మన ధర్మశాస్త్రాలకు కొత్తది కాదని అందులో వివరించారు. రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు దానిని తమ సంచికలో ప్రకటించారు.

ఆయన ఎత్తుకున్న పని

ఇక అసలు విషయానికి వస్తాను. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిన రిచర్డ్ క్లార్క్ అనే ఆయనకు, రామ్‌రాజ్ గారికి ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండేవి. 1823లో ఏర్పడిన రాయల్ ఏషియాటిక్ సొసైటీతో క్లార్క్ గారికి సంబంధం ఉంది. హిందువుల శిల్పశాస్త్రాలలో ఏమున్నదో పరిశీలించి వ్రాయమని క్లార్క్ గారి ద్వారా రామ్‌రాజ్ గారికి ప్రోత్సాహం వచ్చింది. అప్పటికి సూయజ్ కాలువ లేదు. అది 1869లో గాని తెరవలేదు. బెంగుళూరు నుండి వ్రాసిన ఉత్తరం మద్రాసు రేవుకు చేరి, ఆఫ్రికా ఖండాన్ని చుట్టి లండన్ చేరడానికి నెలలు పట్టేది. జవాబుకు మళ్ళీ అన్ని నెలలు. జడ్జీ కొలువు చేసుకుంటూ, ఇటువంటి ఉత్తరాల మీద ఆధారపడి, ఆయన 1820 దశకం చివరి నుండి ఈ పని సాగించారు.

అప్పటికే ఇంగ్లండులో మన దేవాలయాల బొమ్మలు చూసినవారు ఉన్నారు. డేనియల్ అనే ఇద్దరు చిత్రకారులు, థామస్, విలియమ్, మన దేశమంతా తిరిగి గీసిన 144 చిత్రాలు 1795 నుండి 1808 వరకు సంపుటాలుగా వెలువడ్డాయి. చూడడానికి అవి అందమైనవే. కాని ఒక గోపురం ఎందుకు ఆ ఎత్తున ఉంది, స్తంభానికి, దాని పైకప్పుకు ఉన్న లెక్క ఏమిటి అన్న ప్రశ్నకు బొమ్మ జవాబు చెప్పదు. చాలామంది దొరలు మన కట్టడాలలో లెక్కా పద్ధతీ లేదనీ, శిల్పి తోచినట్లు చెక్కుకుంటూ పోయాడనీ అనుకునేవారు. లేదంటే అదంతా గ్రీకుల నుండో, ఈజిప్టు నుండో వచ్చిందనేవారు. మాట కాదనాలంటే రుజువు కావాలి. ఆ రుజువు తాటాకుల మీద ఉంది.

అక్కడే అసలు చిక్కు వచ్చింది. శిల్పశాస్త్ర గ్రంథాలు సంస్కృతంలో ఉన్నాయి. మానసారం, మయమతం, కాశ్యపం, విశ్వకర్మీయం, అగస్త్యుని పేరుతో ఉన్న సకలాధికారం మొదలైనవి. వీటికి పూర్తి ప్రతులు దొరకలేదు. దొరికినవి పురుగు కొట్టినవి, తప్పులతో నిండినవి. ఎవరైనా పండితుని పిలిచి చదివిస్తే ఆయన వ్యాకరణం చెప్పగలరు, అన్వయం చెప్పగలరు. కాని ఉపానం, కుముదం, ప్రస్తరం అంటే కట్టడంలో ఏ భాగమో ఆయనకు తెలియదు. కుముదం అంటే కలువ అనే ఆయన అర్థం చెబుతారు. కట్టడంలో కలువ ఎక్కడుంది? పోనీ శిల్పిని అడుగుదామంటే, ఆయన రాయి మీద గీత గీసి ఆ భాగాన్ని చెక్కి చూపించగలరు గాని, శ్లోకం చదివి అర్థం చెప్పలేరు. తాత నుండి తండ్రికి, తండ్రి నుండి కొడుకుకు నోటిమాటగా వచ్చిన విద్య అది. పైగా ఇంటి విద్యను బయటివారికి చెప్పడానికి ఇష్టపడని కాలం. గ్రంథం ఒకరి చేతిలో, పని మరొకరి చేతిలో ఉండిపోయాయి. ఇద్దరూ ఒక చాప మీద కూర్చోరు. మరో రెండు తరాలు గడిస్తే గ్రంథం అర్థం కాని శ్లోకాలుగా, పని కారణం తెలియని అలవాటుగా మిగిలిపోయేవి.

రామ్‌రాజ్ గారు ఆ ఇద్దరినీ కలిపారు. శాస్త్ర పరిభాష తెలిసిన ఒక తంజావూరు శిల్పిని, కమ్మాలర్ వర్గానికి చెందినవానిని, తన దగ్గర పెట్టుకున్నారు. మన పక్క విశ్వబ్రాహ్మణులు అంటామే, వారివంటి వారే కమ్మాలర్లు. దొరికిన ప్రతులను ఒకదానితో మరొకటి సరిచూశారు. శ్లోకంలో వచ్చిన ప్రతి పారిభాషిక పదానికి శిల్పి చేత కట్టడంలోని భాగాన్ని గుర్తింపజేశారు. ఆ భాగాన్ని కొలతలతో పటంగా తయారు చేశారు. తేలని చోట మరో ప్రతి వెదికారు. లెక్కల ఆఫీసులో వోచరును, రిజిస్టరును ఎదురెదురుగా పెట్టుకుని సరిచూసే పద్ధతి ఇదే కదా! దానిని ఆయన శాస్త్రానికి వాడారు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఆయన సంస్కృత మహాపండితుడు కాదు, శిల్పీ కాదు. ఇద్దరికీ నడుమ కూర్చుని, ఎవరికి తెలిసింది వారి దగ్గర అడిగి తెలుసుకుని, శుద్ధప్రతి వ్రాసిన మనిషి.

పుస్తకంలో ఏమున్నది

పుస్తకం చిన్నది. వ్యాసభాగం నూరు పేజీలు కూడా లేదు. దానికి 48 పటాలు జోడించారు. పటాలే దాని ప్రాణం.

మొదట శిల్పశాస్త్ర గ్రంథాల వివరం, తరువాత కొలమానాలు. ఎనిమిది యవలు, అంటే ఎనిమిది యవధాన్యపు గింజల వెడల్పు, ఒక అంగుళం. పన్నెండు అంగుళాలు ఒక వితస్తి, మన జాన. ఇరవై నాలుగు అంగుళాలు ఒక హస్తం, మన మూర. చేసే పనిని బట్టి 25, 26, 27 అంగుళాల మూరలు కూడా ఉన్నాయి. అన్ని పనులకూ ఒకే మూరకర్ర వాడరన్నమాట. ఈ అంగుళం ఇంగ్లీషు అంగుళం కాదని గుర్తుంచుకోవాలి.

కట్టడంలోని భాగాలలో ముందు అధిష్ఠానం వస్తుంది. గుడి గోడకు కింద ఉండే పీఠం ఇది. అందులో అట్టడుగున ఉపానం, దానిపైన జగతి, ఆ పైన గుండ్రంగానో పలకలుగానో ఉబికి వచ్చే కుముదం, ఆ పైన లోపలికి నొక్కుకున్న గళం, అన్నిటి పైన పట్టిక. ఒక్కొక్క దాని ఎత్తు ఎన్ని భాగాలో శాస్త్రంలో ఉంది. ఇకమీదట మీరు హంపి వెళ్ళినా, లేపాక్షి వెళ్ళినా, గర్భగుడి బయట ప్రదక్షిణ చేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి మోకాలి ఎత్తున చూడండి. ఈ వరుసను మీరే గుర్తుపట్టగలరు. మనుమలకు చూపించండి. వాళ్ళు తొందరగా పట్టుకుంటారు.

తరువాత స్తంభాలు. నాలుగు పలకలది బ్రహ్మకాంతం, ఎనిమిది పలకలది విష్ణుకాంతం, పదహారు పలకలది లేక గుండ్రనిది రుద్రకాంతం, అయిదు పలకలది శివకాంతం, ఆరు పలకలది స్కందకాంతం. స్తంభపు ఎత్తుకూ లావుకూ లెక్క ఉంది. గ్రీకుల స్తంభాలకు ఐరోపావారు ఎలా లావును బట్టి ఎత్తు చెబుతారో, అలాగే మన శాస్త్రంలోనూ చెప్పారు. రామ్‌రాజ్ గారు రెంటినీ పక్కపక్కన పెట్టి, పోలిక ఎక్కడుందో, భేదం ఎక్కడుందో చూపించారు. అరువు తెచ్చుకున్న విద్య అన్న మాటకు ఆయన కోపంతో కాకుండా కొలతలతో జవాబు చెప్పారు.

ఆ తరువాత విమానాలు, గోపురాలు. చతురస్రమైనది నాగరం, ఎనిమిది పలకలది ద్రావిడం, గుండ్రనిది వేసరం అని శాస్త్రంలోని విభాగం. ద్వారశోభ నుండి మహాగోపురం దాకా అయిదు రకాల ద్వారాలు. ఒక అంతస్తు మొదలు పన్నెండు అంతస్తుల దాకా విమానాల లెక్కలు. గ్రామాలు వేసే పద్ధతి కూడా ఉంది. దండకం, నంద్యావర్తం, పద్మకం, స్వస్తికం వంటి ఎనిమిది రకాల గ్రామాలు మానసారంలో చెప్పబడ్డాయి. వీధులు ఎటు పోవాలి, గుడి ఎక్కడ ఉండాలి, చెరువు ఎక్కడ ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి.

స్థల పరీక్ష సంగతి మన మేస్త్రీలకు ఇప్పటికీ తెలుసు. మూరెడు గొయ్యి తవ్వి, ఆ మట్టినే తిరిగి నింపితే, మట్టి మిగిలితే మంచి నేల, సరిపోతే మధ్యమం, తగ్గితే పనికిరాదు. ఇందులో మూఢత్వం ఏమీ లేదు. నేల గట్టితనం తెలుసుకునే ఉపాయం ఇది. తూర్పు దిక్కు తేల్చడానికి శంకువు పాతేవారు. చదును చేసిన నేల మీద వృత్తం గీసి, నడుమ కర్ర నిలబెడతారు. ఉదయం నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం తాకిన చోట మరో గుర్తు. ఆ రెండు గుర్తులను కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. దిక్సూచి లేకుండానే దిక్కు తేలుతుంది.

పని చేసేవారిలో నాలుగు రకాలవారిని శాస్త్రం చెప్పింది. అందరికీ పెద్ద స్థపతి. కొలతల నూలు పట్టేవాడు సూత్రగ్రాహి. చెక్కేవాడు తక్షకుడు. భాగాలను కూర్చేవాడు వర్ధకి. మన వడ్రంగి అన్న మాట ఈ వర్ధకి నుండే వచ్చిందంటారు.

చూసుకోని పుస్తకం

పుస్తకం 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పక్షాన లండన్‌లో వెలువడింది. సొసైటీ కార్యదర్శి హార్క్‌నెస్ ముందుమాట వ్రాశారు. ముఖపత్రం మీద రామ్‌రాజ్ గారి పేరు కింద బెంగుళూరు నేటివ్ జడ్జీ, మేజిస్ట్రేటు అనీ, సొసైటీ సభ్యుడనీ అచ్చు వేశారు. కాని ఆ అచ్చు ప్రతిని ఆయన చూడలేదు. పుస్తకం వెలువడే నాటికే ఆయన కన్నుమూశారు. వయసు నలభై మూడు, నలభై నాలుగు ఏళ్ళకు మించదు. పింఛను తీసుకునే వయసు ఆయనకు రానేలేదు.

ఇక్కడ నాకు ఆ కాలపు మరో ఉద్యోగి జ్ఞాపకం వస్తారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన మన ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830, 1831 సంవత్సరాలలో కాశీయాత్ర చేసి, దారి పొడుగునా చూసినదంతా తెలుగులో వ్రాశారు. ఆయన 1836లో పోయారు. కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఇద్దరూ మద్రాసు కచేరీలలో బ్రతికినవారు. ఇద్దరూ కొలువు పని అయిన తరువాత మిగిలిన వేళల్లో పుస్తకం వ్రాసినవారు. ఇద్దరూ తమ పుస్తకం అచ్చులో చూసుకోలేదు. వారి పై అధికారుల పేర్లు ఈనాడు ఎంతమందికి తెలుసు?

తరువాతి కాలంలో

రామ్‌రాజ్ గారి తరువాత వచ్చిన పెద్ద పేరు జేమ్స్ ఫెర్గూసన్. స్కాట్లండు దేశస్థుడు, 1808లో జననం. బెంగాలులో నీలిమందు వ్యాపారం చేసి, దేశమంతా తిరిగి కట్టడాలను గీసుకుని, 1876లో భారతీయ వాస్తు చరిత్ర వ్రాశారు. మన అమరావతి శిల్పాలు లండన్‌లో ఒక బండ్ల కొట్టంలో పడి ఉంటే, వాటి విలువ గుర్తించి 1868లో పెద్ద గ్రంథం ప్రకటించింది కూడా ఆయనే. తన చరిత్ర గ్రంథంలో ఆయన రామ్‌రాజ్ గారి పుస్తకంలోని ఆలయ పటాలను వాడుకున్నారు. ఇద్దరి దారులూ వేరు. ఫెర్గూసన్ కట్టడాన్ని చూసి దాని వయసు, వంశం తేల్చారు. రామ్‌రాజ్ గ్రంథం చదివి, శిల్పిని అడిగి, కట్టడపు వ్యాకరణం చెప్పారు. ఒకటి లేకుండా రెండోది పూర్తి కాదు.

లోపాలు కూడా చెప్పుకోవాలి. రామ్‌రాజ్ గారు చూసిన ఆధారాలు దక్షిణాదివి. ఉత్తరాది ఆలయాలకు ఆ కొలతలు అన్నీ సరిపోవు. ఏ గుడి ఎప్పుడు కట్టారు అన్న కాలనిర్ణయంలోకి ఆయన వెళ్ళలేదు. గ్రంథంలో ఉన్న లెక్క ప్రకారమే ప్రతి గుడీ కట్టారనుకోవడానికి లేదని తరువాతి పండితులు కొలిచి చూపించారు. శిల్పి శాస్త్రాన్ని తెలుసుకుని, స్థలాన్ని బట్టి, రాయిని బట్టి మార్చుకునేవాడు. అయినా దారి వేసినవారు రామ్‌రాజ్ గారే. అలహాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు ప్రసన్నకుమార ఆచార్యగారు 1927లో వాస్తు పదాల నిఘంటువును, 1930 దశకంలో 70 అధ్యాయాల మానసారాన్ని సంస్కృత మూలంతోనూ ఆంగ్లానువాదంతోనూ ప్రకటించారు. అంటే రామ్‌రాజ్ గారి పుస్తకం వచ్చిన నూరేళ్ళకు పూర్తి గ్రంథం అచ్చులో దొరికింది. ఫ్రెంచి పండితుడు జూవో-దుబ్రేయి కూడా దక్షిణదేశపు ఆలయాల మీద 1914లో గ్రంథం వ్రాసేటప్పుడు శిల్పుల దగ్గర కూర్చునే పరిభాష నేర్చుకున్నారు. మయమతం పాండిచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ ద్వారా 1970 దశకంలో చక్కగా పరిష్కరింపబడి వెలువడింది.

ఆ విద్య పోలేదు. యాదగిరిగుట్ట ఆలయాన్ని కృష్ణశిలతో తిరిగి కట్టి 2022 మార్చి 28న తెరిచినప్పుడు, స్థపతులు, శిల్పులు పనిచేసిన తీరు మనమంతా చూశాము. అధిష్ఠానం, స్తంభం, ప్రస్తరం అన్న మాటలు అక్కడ పనివారి నోట నిత్యం వినిపించే మాటలే.

మన ఇళ్ళ సంగతి

గుళ్ళు నిలిచాయి. ఇళ్ళ సంగతే చెప్పలేము. మానసారం వంటి గ్రంథాలలో ఇళ్ళకు కూడా స్థానం ఉంది. ఒక శాల ఉన్న ఇల్లు, రెండు శాలలది, మూడు శాలలది, నాలుగు వైపులా శాలలు ఉండి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే చతుశ్శాల. ఆ చివరి దానిని మనం మండువా లోగిలి అంటాము. గోదావరి జిల్లాలలో నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోయేది. వెలుతురు, గాలి, పెళ్ళిపందిరి, ధాన్యం ఆరబోత అన్నీ ఆ నడిమి జాగాలోనే. మా ఊళ్ళో నా చిన్నతనంలో అటువంటి ఇళ్ళు వీధికి నాలుగైదు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో డాబాలు, అపార్టుమెంట్లు వచ్చాయి. కుటుంబాలు చిన్నవయ్యాయి, పెంకు నేసేవారు కరువయ్యారు, కలప ధర పెరిగింది. ఎవరినీ తప్పుపట్టలేము. కాని కూలిన ఇంటికి ఒక పటం కూడా లేకపోవడం నన్ను బాధిస్తుంది. వడ్రంగి తాతగారు మూరకర్రతో కొలిచి, నోటి లెక్కతో వాసాల వాలు నిర్ణయించేవారు. ఆయనతోపాటే ఆ లెక్క పోయింది. రామ్‌రాజ్ గారు తంజావూరు శిల్పిని పక్కన కూర్చోబెట్టుకున్నట్లు, ఆయన పక్కన ఎవరూ కాగితం, కలం పట్టుకుని కూర్చోలేదు.

మన సభ్యులలో సర్వే, రెవెన్యూ, ఇంజనీరింగ్ శాఖలలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. టేపు పట్టడం, స్కేలుకు గీయడం చేతనైనవారు. మీ ఊళ్ళో పాత లోగిలి ఏదైనా ఇంకా నిలిచి ఉంటే, ఇంటివారి అనుమతితో కొలతలు తీసుకోండి. గదుల పొడవు వెడల్పులు, మండువా కొలత, స్తంభాల ఎత్తు, వాసాల సంఖ్య, ఏ కలప, ఏ సున్నం, ఇంటి భాగాలకు మీ పక్క వాడే పేర్లు వ్రాసి పెట్టండి. పాత వడ్రంగులు, మేస్త్రీలు ఎవరైనా ఉంటే వారిని అడిగి వారి మాటలలోనే వ్రాయండి. మనుమలు ఫోనుతో బొమ్మలు తీస్తారు. బొమ్మ ఒకటి చాలదు, కొలత కూడా కావాలి. మన కార్యదర్శిగారు అంగీకరిస్తే, అటువంటి వివరాలను సంఘ కార్యాలయంలో ఒక ఫైలుగా భద్రపరచవచ్చునని మనవి చేస్తున్నాను.

రామ్‌రాజ్ గారికి పెద్ద చదువుల బిరుదులు లేవు, ఆస్తి లేదు, ఎక్కువ ఆయుష్షు కూడా లేదు. ఉన్నవి గుమాస్తా ఓపిక, ప్రతులను సరిచూసే అలవాటు, తెలియనిది తెలిసినవారిని అడగడానికి వెనుకాడని గుణం. ఈ మూడూ మనకు కూడా ఉద్యోగం నేర్పినవే. పదవీ విరమణతో కుర్చీ వదిలివచ్చాము గాని, ఈ మూడింటినీ ఎవరూ మన దగ్గర నుండి ఛార్జి తీసుకోలేదు.